తలుపు మీద టోపీ

మొగిలికి బతుకంతా రెండే బాయిలు. ఒకటి బొగ్గుబాయి, రెండోది తారాబాయి. మొదటిదాంట్లోకి దిగినవాడు షిఫ్టు అయిపోగానే పైకి వస్తాడు, రెండోదాంట్లోకి దిగినవాడు పైకి వచ్చిన దాఖలా లేదు అని అతనే చెప్పేవాడు. పెళ్ళి పందిట్లో చెప్పేవాడు, పాన్‌డబ్బా దగ్గర చెప్పేవాడు, పక్కన పెళ్ళాం ఉంటే ఇంకో రెండు వీధులకు వినపడేలా చెప్పేవాడు.

బాయిలో అతనిది సర్దార్ పని. మనుషులను వెంటబెట్టుకుని నేల కిందికి దిగి, గాలి చూసి, కప్పును కట్టెతో తట్టి చూసి, గట్టిగా మోగితేనే "ఇగ కానియ్యుండ్రి" అనేవాడు. బోలుగా మోగిందా, అందర్నీ వెనక్కి తోలేవాడు. మనుషులనూ అట్లాగే తట్టేవాడు. ఎవడైనా మొహం వేలాడేసుకుని దిగితే వాడి మీద ఒక జోకు వేసి, లోపల గట్టిగా ఉన్నాడా బోలుగా ఉన్నాడా అని చెవి పెట్టి వినేవాడు.

వానాకాలం చివర్లో ఒక పొద్దున ఆ కప్పే కూలింది. చాయ్ గ్లాసు అందుకోబోయిన కుడిచేయి సగం దారిలో ఆగింది. గ్లాసు ఆగలేదు. పక్షవాతం.

"నా ఒంట్ల... కుడిపక్షం... పడిపోయిందిరా. ఎడమపక్షం ఒక్కటే... సర్కార్ నడుపుతుంది" అన్నాడు ఆస్పత్రి మంచం మీద, మూతి ఇంకా వంకర తీరకముందే, దోస్తు పరశురాములుతో. ఒక్కో మాటా బొగ్గుకుప్పలో రాళ్ళు ఏరినట్టు ఏరుకుంటూ అన్నాడు. నవ్వవలసిన చోటికి అతను చేరేసరికి పరశురాములు తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. మొగిలి జీవితంలో ఒక జోకు అంత ఘోరంగా చావడం అదే మొదలు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు. చేతికి రోజూ పని చెప్పాలి, మనిషికి మంచి విశ్రాంతి ఇవ్వాలి. మొదటి మాట సిద్దిరాములు పట్టుకున్నాడు. అతను ఆ కాలనీలోనే వెనక లైన్లో పుట్టి, చదువుకుని, పడిపోయిన చేతులకూ కాళ్ళకూ కసరత్తు చేయించే పని నేర్చుకున్న మనిషి. రెండో మాట తారాబాయి పట్టుకున్నది. పట్టుకున్నదంటే ఉడుంపట్టు.

ఎందుకంటే ఆ పనిలో తారాబాయిని మించినది గోదావరికి ఈవల లేదు, ఆవల లేదు.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఆ ఇంటి తలుపు మేకుకు అతని బాయి టోపీ వేలాడుతుంది. ఇది ఆ కాలనీ కట్టడి. టోపీ ఉన్న తలుపును ఎవరూ కొట్టరు. పాలాయన గడప మీద చప్పుడు కాకుండా చెంబు పెట్టి పోతాడు. కూరగాయల గంపామె ఆ ఇల్లు దాటేదాకా వంకాయలను నోట్లోనే అమ్ముకుంటుంది. ఓట్లడిగే బండి కూడా అక్కడ మైకు ఆపి, చేతులు మాత్రం జోడించి పోతుంది. కింద చీకట్లో ఒళ్ళు వంచి వచ్చినవాడికి పైన పగట్లో ఒక చీకటి కట్టి ఇవ్వాలి. అది ఆడవాళ్ళ పని. తారాబాయి దాన్ని పనిగా కాదు, పనితనంగా చేసింది. కుక్కర్ కూతకు ముందే గుడ్డపేలికతో దాని నెత్తి నొక్కేది. నల్లా కింద బకెట్లో చిరుగుల చీర ముక్క వేసేది, నీళ్ళ ధార సప్పుడు చెయ్యకుండా. కాళ్ళ పట్టీలు పెళ్ళయిన వారానికే పెట్టెలోకి పోయాయి. బిడ్డ మహేశ్వరి పుట్టినప్పుడు ఏడవడానికి కూడా ఒకసారి అమ్మ మొహం చూసి అనుమతి తీసుకుందని మొగిలి చెప్పేవాడు. ఎదురింటి కమలవ్వ ఇంట్లో రోలుంది, రోకలుంది, కారం దంచే రెక్కలున్నాయి. కానీ ఇన్నేళ్ళలో టోపీ ఉన్న రోజు ఒక్కనాడూ దంపుడు వినపడలేదు.

ఆస్పత్రి నుంచి తెచ్చి మొగిలిని మంచం మీద పడుకోబెట్టగానే తారాబాయి చేసిన మొదటి పని, టోపీ తీసి, దుమ్ము తుడిచి, తలుపుకు తగిలించడం.

మొగిలి పండాడు. ఆ ఏడు ఆ జిల్లాలో వరి ఎంత పండిందో తెలియదు గానీ ఆ ఇంట్లో మాత్రం మొగిలి ఒక్కడే మూడు కార్లూ పండాడు. కూర్చుంటే కునుకు, ఆనుకుంటే తూగు, ఒరిగితే గుర్రు. పళ్ళు తోముకుంటూ బ్రష్షు నోట్లో ఉండగానే తల వాల్చేవాడు. తారాబాయి నోట్లో పెట్టిన ముద్ద నమలకుండానే కళ్ళు మూసేవాడు. ఎడమచేత్తో తినమంటే ససేమిరా అన్నాడు. "నా కంచంల... నా కుడిచెయ్యే పడాలె. అప్పటిదాక... నువ్వే పెట్టు" అన్నాడు. ఆ కుడిచేయి కంచందాకా రావడం ఒక్కటే ఇప్పుడు అతని కోరిక. ఆమె కోరిక కూడా అదే. డాక్టర్లు వస్తుందన్నారు గనుక అది వచ్చేదాకా చూడటమే పని అనుకున్నది.

"మంచిగ పంటుండు బిడ్డా" అని సుల్తానాబాద్‌లో ఉన్న మహేశ్వరికి ఫోన్లో గుసగుసగా చెప్పేది. "మందు కంటె నిద్ర మేలు. గురక ఇనవడుతుందా? ఇనుకో." ఫోను మంచం వైపు తిప్పేది. ఆ గురక రేకుల షెడ్డులో ఇనుప గొలుసు ఈడ్చినట్టుండేది. మధ్యలో చటుక్కున ఆగేది. ఆగి, ఆగి, ఆగి, పట్టాలు తప్పిన బొగ్గు టబ్బులా ఒక్క కుదుపుతో అదిరి మళ్ళీ మొదలయ్యేది. ఆగినప్పుడు తారాబాయి మొహం విప్పారేది.

"గిప్పుడు పట్టింది బిడ్డా అసలు నిద్ర" అనేది.

ఆ అసలు నిద్రలోంచి లేచిన మొగిలి కళ్ళు ఎర్రగా ఉండేవి. నాలుక పిడచకట్టేది. "తారా, పండి లేస్తే... షిఫ్టు చేసి వచ్చినట్టుందే. ఒళ్ళంత... కూలి చేసినట్టుంది" అనేవాడు.

"అయితే ఇంకింత పండు. ఎవ్వలు కాదన్నరు?"

"నిద్రంటే... భయమైతుందే."

"భయమెందుకయ్యా, నేను లేనా?" అని ఆమె కిటికీకి కట్టిన నల్లగుడ్డ అంచు ఇంకాస్త లోపలికి దోపేది.

మొహం కడగడానికి కూర్చోబెట్టిన కుర్చీలోంచి ఒకరోజు నిద్రలోనే జారి పడ్డాడు. ఇంకోరోజు గ్లాసు ఎడమచేతిలో ఉండగానే తూగి చాయ్ తొడ మీద ఒంపుకున్నాడు. కాలినచోట బొబ్బలెక్కినా కళ్ళు తెరవడానికి అతనికి కాసేపు పట్టింది. తారాబాయి మొదటిసారి జంకింది. కుడిచేయి చూస్తే వేళ్ళు రోజురోజుకూ లోపలికి ముడుచుకుని, ఎవరికీ ఇవ్వనిది ఏదో పట్టుకున్నట్టు పిడికిలి బిగిసిపోతోంది.

"సిద్దిరాములు పోరడు మొదటి దినం వచ్చిండు, మల్ల మొకం చూపియ్యలే" అని పరశురాములుతో వాపోయింది. "ఇంటెన్క ఇల్లే. నేను ఎత్తుకొని పెంచినట్టే. గంత సోయి లేకపాయె."

"ఫికర్ జేయకు వదినా. పోదాం తీయ్, కరీంనగర్‌ల చూపిద్దాం" అన్నాడు పరశురాములు.

అతని జీపులోనే పోయారు. గోదావరి వంతెన మీద మొగిలి నీళ్ళు చూడాలన్నాడు. వంతెన మొదట్లో అన్నాడు, వంతెన చివర తారాబాయి భుజం మీద గుర్రుపెడుతున్నాడు. అంత నదిని నిద్ర మింగేసింది.

డాక్టరమ్మ పేరు మమతారాణి. పేరులో మమత ఉంది గానీ మాటలో బెత్తం ఉంది. మొగిలి పిడికిలి తీసుకుని వేలు విప్పబోయింది. మొగిలి కెవ్వుమన్నాడు. ఆమె చేయి వదిలి తారాబాయి వైపు చూసింది.

"కసరత్తు చేయిస్తున్నరా?"

"చేసే పిలగాడు రాలే మేడం. నేనైతే ఆయన నిద్రకు ఒక్క దినం అడ్డం రానియ్యలే. ఈగను గూడ వాలనియ్యలే."

"పగలు నిద్రపోతడా?"

"పొద్దంత."

డాక్టరమ్మ మొగిలి వైపు వంగింది. "నిద్ర ఎట్లుంది మొగిలిగారూ?"

మొగిలి మాటలు ఏరుకున్నాడు. "నిద్ర... మంచిగనే ఉంది మేడం. నేనే... మంచిగ లేను."

పరశురాములు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. గురక సంగతి అడిగింది. ఆగుతుందా అని అడిగింది. ఆగుతుందని తారాబాయి సంబరంగా చెప్పింది. ఆ రాత్రి మొగిలిని అక్కడే ఉంచుకుని, ఒంటినిండా తీగలు అంటించి నిద్రకు పరీక్ష పెట్టారు. చదువులో ఏ పరీక్షా తప్పని తారాబాయి, బడికే పోలేదు గనుక, మర్నాడు ఆ గదిలో కూర్చుని మొదటిసారి తప్పింది.

"అది నిద్ర కాదమ్మా" అన్నది డాక్టరమ్మ. "పడుకోంగనే గొంతుల దారి మూసుకపోతుంది. ఊపిరి ఆగుతుంది. గాలాడక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఆయనకు తెలువకుండనే. మళ్ళ మూసుకుంటుంది. పండుకున్నంత సేపూ ఇదే కొట్లాట. దెబ్బతిన్న మెదడుకు విశ్రాంతి అనేదే దొరకట్లే. ఇంక పగలు తూగకుంట ఎట్లుంటడు?"

"మరి గురక ఆగినప్పుడు?" అన్నది తారాబాయి. "గప్పుడు మంచిగ పట్టింది అనుకున్న..."

"అప్పుడే ఆగేది ఊపిరి."

తారాబాయి కళ్ళ ముందు ఫోను కనిపించింది. మంచం వైపు తిప్పి పట్టుకున్న ఫోను. మొగుడి ఊపిరి ఆగిన సప్పుడును బిడ్డకు వినిపించి మురిసిన తన చేయి కనిపించింది.

డాక్టరమ్మ ఒక మిషను ఇచ్చింది. దానికో గొట్టం, గొట్టానికో మాస్కు. పడుకున్నప్పుడు ముక్కుకూ మూతికీ పెట్టుకుంటే అది గాలి ఊదుతూ గొంతు దారి తెరిచి ఉంచుతుందట. ముందు పగలు మెలకువగా కూర్చోబెట్టి అలవాటు చెయ్యాలట. పగటి చీకట్లు తీసెయ్యాలట. చేయి మాట చెప్పేటప్పుడు మాత్రం డాక్టరమ్మ బెత్తం పక్కన పెట్టింది. "ఇప్పటికే ఆలస్యమైందమ్మా. పడిపోయిన కొత్తల్ల ఎంత కదిలిస్తే అంత వస్తుంది. ఇంక ఎంతొస్తదో నేను చెప్పలేను. మెలకువ ఉంటేనే కసరత్తు, మాస్కు ఉంటేనే మెలకువ. మాస్కు లేకపోతే... మళ్ళ ఇంకోసారి పడిపోవచ్చు కూడ."

కాలనీలో జీపు దిగుతుంటే వీధి మలుపులో సిద్దిరాములు కనబడ్డాడు. మొగిలి ఇంకా వెనక సీట్లో గుర్రుపెడుతూనే ఉన్నాడు. తారాబాయి కడుపులో ఉన్న మంటంతా అతని మీదికి ఎగిసింది.

"ఏరా! ఏం పాపం జేసినమురా నీకు? ఒక్కసారి వచ్చి మల్ల ఎందుకు రాలే? గా చెయ్యి చూడు! ఎట్ల బిగుసుకపోయిందో చూడు!"

సిద్దిరాములు బిత్తరపోయాడు. "రాలేదా? రోజు వచ్చిన చిన్నమ్మా."

"యాడికొచ్చినవ్?"

"నీ ఇంటికే. రోజు పదకొండు గొట్టంగ వచ్చిన. తలుపుకు టోపీ ఉండె." అతను తలుపు వైపు చెయ్యి చూపించాడు. టోపీ ఇప్పుడూ ఉంది. "కాక పండిండేమో అని జరసేపు నిలబడి, సప్పుడు జెయ్యక పోయిన. పొద్దుమీకి గూడ వచ్చి చూసిన. ఎప్పుడొచ్చినా టోపే."

"నోట్లె నాలుక లేదారా? ఒక్క కేక ఎయ్యరాదా?"

"టోపీ ఉన్న ఇంటి ముందట కేక ఎట్లేస్త చిన్నమ్మా?" సిద్దిరాములు గొంతు కూడా లేచింది. "మా బాపు రాత్రి షిఫ్టుకు పోయినోడే. చిన్నప్పుడు నీ ఇంటి ముందట బంతాట ఆడితే నా చెవి మెలిపెట్టింది ఎవ్వలు? నువ్వే గదా!"

చదువుకుని వచ్చినవాడు, చేతికి చెయ్యి తెచ్చిపెట్టే విద్య ఉన్నవాడు, ఆ తలుపు ముందుకు వచ్చేసరికి చెవి మెలిపెట్టించుకున్న పిల్లవాడై వెనక్కి పోయాడు. తప్పు అతనిదా? వీధి వీధంతా అంతే. ఇన్ని వారాలూ ఆ ఇంటి ముందు అందరూ పిల్లి అడుగులేశారు. అందరూ మర్యాద చేశారు. ఆ మర్యాదంతా పోగై మొగిలి పిడికిలిలో గట్టిపడింది.

తారాబాయి టోపీని మేకు మీంచి పీకింది. మేకు కూడా ఊడి వచ్చింది.

మాస్కు పని మర్నాడు మధ్యాహ్నం మొదలైంది. మొగిలిని గోడకు ఆనించి కూర్చోబెట్టి తారాబాయి దాన్ని మొహం దగ్గరికి తెచ్చింది. మొగిలి తూగు ఒక్కసారిగా వదిలింది. ఎడమచేత్తో దాన్ని కొట్టాడు. అది గోడకు తగిలి పడింది.

"వద్దు! తీయ్... అవతల!"

ఎందుకో తారాబాయికి తెలుసు. ఏళ్ళ కింద, బాయిలో ఒక పాత దారి వైపు గాలి చెడింది. గాలి చెడినప్పుడు పెట్టుకోవడానికి ప్రతి మనిషి నడుముకూ ఒక డబ్బా ఉంటుంది, అందులో మూతికి తగిలించుకునేది ఉంటుంది. అందరూ పెట్టుకున్నారు. హనుమంతు అనేవాడికి చేతులు ఆడలేదు. మొగిలే పెట్టాడు, పెట్టి భుజాన వేసుకుని మోశాడు. పైకి వచ్చాక చూస్తే హనుమంతు మూతికి అది అట్లాగే ఉంది, మనిషి లేడు. మొగిలి జోకు వెయ్యని సంగతి లోకంలో ఏదైనా ఉంటే అది అదొక్కటే.

తారాబాయి మస్కా కొట్టింది, మాస్కు పెట్టుకోలేదు. బతిమాలింది, పెట్టుకోలేదు. మహేశ్వరి ఫోన్లో ఏడ్చింది, ఏడుపు విన్నాడు, ఫోను పెట్టేశాడు. రాత్రి నిద్రలో ఉండగా పెడితే లేచి తెంపుకున్నాడు. పగలు మళ్ళీ తూగు. సిద్దిరాములు ఇప్పుడు తలుపు తోసుకుని వస్తున్నాడు. కానీ చేయి పట్టుకుని లెక్క మొదలుపెట్టగానే మొగిలి తల వాలిపోతోంది. నిద్రపోయిన మనిషి చేతిని కదిలిస్తే కదిలేది చెయ్యి ఒక్కటే అని సిద్దిరాములు తల పట్టుకున్నాడు. కదపాలన్న తలపు మొగిలి తలలో పుట్టాలి, అప్పుడే చెయ్యి నేర్చుకుంటుందట.

అప్పుడు తారాబాయి వీధి దాటి కమలవ్వ ఇంటికి పోయింది.

"అవ్వా, కారం దంచు."

కమలవ్వ రెప్పలు కొట్టుకుంది. "ఏమంటున్నవే? ఇన్నేండ్ల సంది నన్ను రోకలి ముట్టనియ్యలే నువ్వు. మొగిలి పండలేడా?"

"పండిండు. గందుకే దంచు. ఉత్త రోలన్న దంచు. నీ కాల్మొక్కుత."

కమలవ్వ దంచింది. ఇన్నేళ్ళ బాకీ ఒక్క మధ్యాహ్నం తీర్చుకున్నట్టు దంచింది. పరశురాములు జీపు తెచ్చి కిటికీ కింద హారన్ కొట్టాడు. తారాబాయి కుక్కర్ పెట్టి కూత వెయ్యనిచ్చింది. కూత మీద కూత. నల్లా కింద ఉత్త బకెట్ పెట్టింది. టీవీ పెట్టింది. కిటికీ నల్లగుడ్డ చింపి అవతల పారేసింది. ఆమె కట్టిన మౌనాన్ని ఆమే గడ్డపార పెట్టి కూల్చింది. ఘాటుకు వీధంతా తుమ్మింది. కూలిన ఆ లొల్లి మధ్య, కంటి మీద ఎండ పడుతుండగా, మొగిలి గోడకు ఆనుకుని గురక పెడుతున్నాడు.

గురక ఆగింది.

తారాబాయి చూస్తూ నిలబడింది. ఛాతీ ఎగరడం లేదు. పెదవుల రంగు మారుతోంది. బయట రోకలి, హారన్, కూత. లోపల ఏమీ లేదు. ఇదేనా తను ఇన్ని వారాలు చూసి మురిసింది?

చెంప మీద ఫెడీమని కొట్టింది.

మొగిలి ఒక్క కుదుపుతో గాలి లాగాడు. కళ్ళు తెరిచాడు. చెంప తడుముకోలేదు. ఆమె మొహాన్నే చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ చేయి అతన్ని కొట్టలేదు. తారాబాయి బయటికి పోయి చేతులెత్తి అందర్నీ ఆపమంది. లోపలికి వచ్చి టీవీ, కుక్కర్, నల్లా కట్టేసి అతని ముందు కూలబడింది.

"నేనే జేసిన" అన్నది. "సిద్దిరాములు రోజు వచ్చిండట. టోపీ చూసి పోయిండట. నేనే తగిలేసిన టోపీ. నీ చెయ్యి నేనే తిన్ననయ్యా. నీ బువ్వ మీదికి రావల్సిన చెయ్యిని నేనే తిన్న."

మళ్ళీ నిద్రపోయాడేమో అని ఆమె తలెత్తింది. మేలుకునే ఉన్నాడు.

"నాకెరుక" అన్నాడు.

"ఏందెరుక?"

"వాని నీడ. తలుపు కింది సందుల. రోజు వచ్చుడు... ఆగుడు... పోవుడు. చూసిన."

"చూసి పిలువకపోయినవా?"

"నువ్వే వాపస్ పంపుతున్నవ్ అనుకున్న." అతని ఎడమకన్ను నుంచి నీళ్ళు కారుతున్నాయి, కుడికన్ను నుంచి ఇంకాస్త ఆలస్యంగా. "డాక్టర్లు నీకు చెప్పిండ్రేమో... ఈనికి ఇగ చెయ్యి రాదు, ఎందుకు ఊకె గోస అని. నువ్వు నాకు చెప్తలేవేమో... అనుకున్న. కప్పు తట్టి చూసినవ్... బోలుగ మోగింది... బయటికి పోయినవ్ అనుకున్న."

ఇన్ని వారాలు ఆ నిశ్శబ్దంలో ఆమె అతనికి విశ్రాంతి వండి పెడుతున్నాననుకున్నది. అతను అందులో కూర్చుని తన చావు కబురు వింటున్నాడు.

"నీ బోలు మొకం పాడుగాను!" అని అరిచింది. ఏడుస్తూ అరిచింది, అరుస్తూ ముక్కు చీదింది. "నిన్ను ఇడిసి నేను ఏ బాయిల పడాలెనయ్యా? ఒక్క మాట నోటితోని అడగరాదా? లోకమంతటికి నోరే గదా నీది!"

"నోరు... ఒంకర పోయింది గదనే" అన్నాడు మొగిలి.

అది జోకో కాదో ఇద్దరికీ తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. కింద పడి ఉన్న మాస్కును తారాబాయి తీసింది. తన మొహానికే తగిలించుకోబోయి, పట్టీ ఎటు పోతుందో తెలియక, చెవుల మీద చిక్కు చేసుకుంది.

"అట్ల కాదు" అన్నాడు మొగిలి. ఎడమచేయి ఎత్తాడు. పట్టీ ఆమె తల వెనక్కి జరిపాడు, ఒకప్పుడు కింద, చీకట్లో, ఇంకొకరి తలకు జరిపినట్టు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. మాస్కును ఆమె మొహం మీంచి తనే తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"టోపీ ఏది?" అని అడిగాడు.

"పారేద్దామని పెట్టిన."

"తే."

తెచ్చింది.

"దిగేటోడు ఒక్కడు దిగొద్దు. పైన... ఒకలుండాలె. వాడు కన్ను ముయ్యద్దు." మాట మాటకూ ఆగాడు. "నేను దిగుత. ఇది నీ ఒళ్ళె పెట్టుకో. తలుపుకు కాదు... నీ ఒళ్ళె. నేను పైకొచ్చినంక... నా చేతికియ్యి. ఈ చేతికి" అని కుడి పిడికిలి చూపించాడు. "హనుమంతు లెక్క అయితే... నువ్వే చూడాలె. ఇంకెవ్వలు... చూడొద్దు."

తారాబాయి తల ఊపింది. మాస్కు పెట్టింది. మిషను మీట నొక్కింది. గాలి ఊదింది. మొగిలి ఎడమచేయి ఒకసారి లేచింది, తెంపడానికి. ఆమె దాన్ని పట్టుకుంది. ఆ చెయ్యి ఆమె వేళ్ళను బాయి తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. కాసేపటికి పట్టు సడలింది.

గురక లేదు.

కుదుపు లేదు, గొలుసు ఈడ్పు లేదు. మిషను సన్నటి ఊదు తప్ప ఇల్లంతా సద్దు మణిగింది. తారాబాయి జీవితమంతా ఏ నిశ్శబ్దం కోసం కుక్కర్ నెత్తి నొక్కిందో, అంతకంటే చక్కటి నిశ్శబ్దం ఆమె ముందు పరుచుకుని ఉంది. ఇక ఏ నిశ్శబ్దాన్నీ ఆమె నమ్మలేదు. ఛాతీ మీద చెయ్యి వేసింది. ఎగురుతోంది. తీసింది. మళ్ళీ వేసింది. టోపీ అంచును గోళ్ళతో గీరుతూ కూర్చుంది. ఉండబట్టలేక కుదిపింది.

"ఏమయ్యా! ఉన్నవా?"

మాస్కు పైనుంచి గుడ్లు ఉరిమాయి. "ఉన్న" అన్నాడు గొట్టంలోంచి. "పండనియ్యవా?"

"పండు, పండు."

ఇంకాసేపటికి మళ్ళీ కుదిపింది. మళ్ళీ ఉన్నాడు. మూడోసారికి అతను బూతు తిట్టాడు. పూర్తి మాట, ఆగకుండా, ఏరుకోకుండా. ఇన్ని వారాల్లో అతని నోటి నుంచి అంత సాఫుగా వచ్చిన మాట అదే. తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు గుమ్మం అవతల చెప్పుల చప్పుడు ఆగింది. నీడ పడింది. సిద్దిరాములు. తలుపుకు టోపీ లేదు, మేకూ లేదు. కానీ లోపల అంత సద్దు మణిగి ఉంటే ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. చిన్నప్పటి చెవి ఇంకా నొప్పి పెడుతున్నట్టుంది. నీడ ఒకడుగు వెనక్కి వేసింది.

"సిద్దిరాములూ! లోపటికి రా!"

తారాబాయికి కేక వెయ్యడం చేతకాదు. ఎప్పుడూ వెయ్యలేదు. అది కేకగా బయల్దేరి సగం దారిలో చీలి, శవం లేచిన ఇంట్లో వినపడే సప్పుడులా వీధిలోకి పోయింది. కమలవ్వ ఆపిన రోకలిని అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పరశురాములు జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. అందరూ గుమ్మంలో ఆగి చూశారు.

మొగిలి లేచి కూర్చున్నాడు. మాస్కు మెడకు వేలాడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నా తెరిచే ఉన్నాయి.

"ఏంది... పీనుగను చూడనొచ్చిండ్రా?" అన్నాడు. "జర ఆగుండ్రి. ఇంక... తయారు కాలే."

సిద్దిరాములు పక్కన కూర్చుని పిడికిలి అందుకున్నాడు. "కాకా, చూడు. నా దిక్కు కాదు, చేతి దిక్కు చూడు. తెరువు. నువ్వే తెరువు." చిటికెన వేలు కింద తన వేలు దూర్చాడు. మొగిలి పళ్ళు బిగించి అరిచాడు. ఆ అరుపు వీధి చివరిదాకా పోయింది, ఎవరూ ఉష్ అనలేదు. నుదుటి మీద నరాలు ఉబ్బాయి. చిటికెన వేలు గోరంత విడివడింది. తారాబాయి ఆ సందులోకి టోపీ అంచు పెట్టింది, ఇస్తానన్నది ఇవ్వాలి గనుక. వేలు దాన్ని తాకింది. పట్టుకోలేదు. టోపీ జారి నేల మీద పడి దొర్లింది. వేలు మళ్ళీ మూసుకుపోయింది.

మొగిలి తల వాలబోతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

తారాబాయి టోపీ ఎత్తుకుంది. మొగుడి గడ్డం పట్టుకుని మొహం పైకి లేపింది.

"మల్ల తెరువు" అన్నది.